కూలివాడి ఇంటికప్పు: ఖరీదెంత, కట్టేదెవరు?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ మాట అన్నవారు తాటాకింట్లో కాపురం చేసి వుండరు. చేసి వుంటే, కప్పు మార్చి చూడు అని కూడా అనేవారు. డాబా వున్నవాడికి ఇల్లు కట్టడం జన్మకొక్కసారి. వ్యవసాయ కూలీకి అలా కాదు. రెండు మూడేళ్ళకొకసారి ఆకు కొనాలి, వాసం మార్చాలి, నేతగాళ్ళను పిలవాలి. అంటే వాడు జన్మంతా ఇల్లు కడుతూనే వుంటాడు. అయినా ఆ ఇంటిని ఇల్లు అని రాయడానికి ప్రభుత్వ రికార్డులో చోటు దొరకదు. గుడిసె అని రాస్తారు.

ఈ రెండు మాటల మధ్య తేడా ఎన్ని రూపాయలో, కప్పు మార్చాలంటే ఎంత సిద్ధం చేసుకోవాలో ఈ వారం లెక్క చూద్దాం. ఆలమూరు ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ లెక్క వేస్తున్నాం. గౌతమి గోదావరి ఒడ్డున వున్న మండలం ఇది. జొన్నాడ దగ్గర జాతీయ రహదారి వంతెన మీదుగా నది దాటి రావులపాలెం వెళుతుంది. కాలువల కింద వరి, లంకల్లో కూరగాయలు, అరటి. వానలు పడితే గోదావరి పొంగుతుంది, సముద్రంలో వాయుగుండం పుడితే గాలి లేస్తుంది. నీటికీ గాలికీ మధ్య వున్న ఊళ్ళివి. ఇక్కడ కప్పు సంగతి వానాకాలం వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది.

నేల 240 అడుగులు, కప్పు 360

ముందు కొలత సరిగా తెలియాలి. పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు వున్న చిన్న ఇల్లు తీసుకుందాం. నేల 240 చదరపు అడుగులు. దుకాణంలో ఈ లెక్కే చెప్పి చాలామంది మోసపోతున్నారు. కప్పు వాలుగా వుంటుంది, చూరు గోడ దాటి బయటకు వస్తుంది. రెండు వాలుల రేకుల ఇంటికి చూరుతో కలిపి కొలిస్తే కప్పు 360 చదరపు అడుగులు అవుతుంది. తాటాకు కప్పుకు నీరు నిలవకుండా వాలు ఇంకా ఎక్కువ పెట్టాలి. అప్పుడది 440 చదరపు అడుగుల దాకా వస్తుంది. కాబట్టి ఎవరైనా అడుగుకింత అని బేరం చెబితే, ఆ అడుగు నేలదా కప్పుదా అని ముందే తేల్చుకోవాలి.

ధరలు ఊరు ఊరికీ, నెల నెలకీ మారతాయి. అందుకని మేము ఇక్కడ వాడే ధరలు ఉదాహరణకు మాత్రమే. కొలతలు మాత్రం మారవు. మీ ఊరి ధర పెట్టి మీరే గుణించుకోండి. ఇంకొక కొలబద్ద కూడా పెట్టుకుందాం. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు ప్రకటించిన ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. కప్పు ఎన్ని రూపాయలో కాదు, ఎన్ని దినాల చాకిరీయో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

తాటాకు: చవకా, ఖరీదా?

ఆకుకు, వెదురుకు, తాడుకు, నేతకూలికి అంతా కలిపి చదరపు అడుగుకు 30 రూపాయలు పడిందనుకుందాం. 440 అడుగులకు 13,200 రూపాయలు. అంటే 43 రోజుల కూలి. ఇంట్లో ఒక్కరూ తినకుండా, కట్టకుండా, మందులు కొనకుండా 43 రోజులు పనిచేస్తే ఒక కప్పు వస్తుంది. వరినాట్లకూ కోతలకూ మధ్య పనిలేని రోజులు ఎన్నో కూలీలకు మేము చెప్పనక్కరలేదు.

ఆ కప్పు మూడేళ్ళు ఆగిందనుకుంటే ఇరవై ఏళ్ళలో ఏడుసార్లు మార్చాలి. 92 వేల రూపాయలు దాటుతుంది. రెండేళ్ళకే కుళ్ళితే పదిసార్లు మార్చాలి. అప్పుడు లక్షా 32 వేలు. ధరలు ఏమాత్రం పెరగవని లెక్కేస్తేనే ఇంత. పక్కా ఇంటికి ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం 2016లో మొదలైనప్పుడు మైదాన ప్రాంతానికి పెట్టిన సాయం లక్షా 20 వేలు. అంటే ప్రభుత్వం ఒక ఇంటికి ఇస్తానన్న సొమ్మంత సొమ్మును కూలీ తన జేబులోంచి ఆకు కింద, తాడు కింద ధారపోస్తున్నాడన్నమాట. చివరికి చేతిలో మిగిలేది చీకిపోయిన ఆకే. పేదవాడి ఇల్లు చవక అనే మాట ఇక్కడే తేలిపోతోంది.

ఆ ఆకు కూడా ఎవరిదని అడగాలి. తాడిచెట్టు పొలంగట్టు మీద వుంటుంది. గట్టు భూమిగల ఆసామిది. ఆకు కోసుకో అంటే దాని వెనక ఒక రోజు వెట్టిచాకిరీయో, కోతలప్పుడు తక్కువ కూలికి రమ్మనే మాటో వుండేది. ఇప్పుడు గట్ల మీద తాళ్ళు తగ్గాయి, కాబట్టి ఆకు ఊరికే రాదు, బండి కట్టించి కొని తెచ్చుకోవలసిందే. వరిగడ్డి కప్పుదామంటే కోత మిషను పోయిన పొలంలో గడ్డి నలిగి ముక్కలవుతుంది. అది కప్పుకు పనికిరాదు. భూమి లేనివాడికి పంటలోనే కాదు, ఇంటి ఆకులో కూడా వాటా లేకుండా పోయింది.

ఎండాకాలం నిప్పు భయం వేరే. గాలి వీస్తే ఒక ఇంటి నిప్పురవ్వ నాలుగిళ్ళకు పాకుతుంది. అందుకే నాలుగు డబ్బులు చేతిలో ఆడితే ప్రతి కూలీ రేకుల వైపు చూస్తాడు.

రేకులు కొంటే సరిపోదు, ఎక్కించాలి

మన 360 అడుగుల కప్పుకు ఎనిమిదడుగుల సిమెంటు రేకులు వాలుకు 7 చొప్పున 14 పడతాయి. రేకు మూడడుగుల పైన వెడల్పు వున్నా, ఒకదాని మీద ఒకటి అతుకు పోతుంది కనక అంత పొడవూ లెక్కకు రాదు. రేకు 700 అనుకుంటే 9,800 రూపాయలు. పదివేలతో అయిపోయిందని సంబరపడే కూలీ ఇక్కడే దెబ్బతింటున్నాడు.

కొప్పు మీద కప్పే జోడు రేకులు ఏడు జతలు కావాలి. 300 చొప్పున 2,100. బిగించే హుక్కులు, వాషర్లు 84 దాకా పడతాయి, పది రూపాయల చొప్పున 840. ఎనిమిదడుగుల రేకుకు కింద, మధ్య, పైన మూడు వరసల ఆనుడు లేకపోతే రేకు పగులుతుంది. రెండు వాలులకు ఆరు వరసలు, 132 అడుగుల పొడవు. ఇనుప గొట్టమైతే అడుగుకు 80 లెక్కన 10,560. సరుగుడు బాదులు పెడితే తగ్గుతుంది గాని అవి చెదలు పడతాయి. మోతకూలి, మేస్త్రీ, కిరాయి 5,000. మొత్తం 28,300 రూపాయలు. రేకుల ఖరీదు అందులో మూడో వంతు మాత్రమే. 92 రోజుల కూలి.

ఇంత సొమ్ము ఒక్కసారి ఏ కూలీ దగ్గరా వుండదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 28 వేలు తెచ్చాడనుకోండి. ఏడాదికి వడ్డీయే 6,720. నాలుగేళ్ళు తీర్చలేకపోతే వడ్డీ కింద ఇంకొక కప్పు కట్టినట్టే. డ్వాక్రా సంఘంలో బ్యాంకు అప్పు దొరికే దారి వుంటే అది వదిలి వడ్డీ వ్యాపారి గడప తొక్కవద్దు.

సిమెంటు రేకుల గురించి మరొక మాట. మార్కెట్లో దొరికే సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ నార కలుస్తుంది. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తరబడి వుండి కాన్సర్ తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ఐరోపా దేశాల కూటమి 2005లో దీన్ని పూర్తిగా నిషేధించింది. మన దేశంలో దీన్ని తవ్వడం ఆపించారు గాని, విదేశాల నుంచి తెప్పించి రేకులు చేయడం ఆపించలేదు. ఆ ఫ్యాక్టరీల కార్మికుల ఆరోగ్యం వారి హక్కు అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. ఇంటికప్పు ఎక్కించే కూలీకి ఆ మాట చెప్పినవారు లేరు. కాబట్టి ఆస్‌బెస్టాస్ లేని రేకు దొరుకుతుందేమో ముందు అడగండి. తప్పనప్పుడు రేకును పొడిగా మిషనుతో కోయవద్దు, తడిపి కోయాలి. ముక్కు మూతికి తడిగుడ్డ కట్టుకోవాలి. పాత రేకును పగలగొట్టి ముక్కలు వాకిట్లో పరచవద్దు. ఆ ముక్కలతో పిల్లల్ని ఆడనివ్వవద్దు.

స్లాబు అంటే కప్పు కాదు, ఇల్లే

ఇక స్లాబు. గోడలతో కలిపి 300 చదరపు అడుగులకు నాలుగు అంగుళాల మందం వేస్తే వంద ఘనపుటడుగుల కాంక్రీటు. సుమారు 23 బస్తాల సిమెంటు, 250 కిలోల ఇనుము, 45 ఘనపుటడుగుల ఇసుక, దానికి రెట్టింపు కంకర. బస్తా 350, కిలో ఇనుము 65 అనుకుంటే ఈ రెండింటికే 24,300 అవుతుంది. కంకరకు 4,500, ఇసుక తోలకానికి 3,000, సెంట్రింగుకూ కూలికీ అడుగుకు 80 చొప్పున 24,000. మొత్తం 55,800 రూపాయలు, 182 రోజుల కూలి. ఇది కప్పు వరకే. మట్టిగోడ స్లాబును మోయదు. పునాది నుంచి ఎత్తుకు రావాలి.

జొన్నాడ ఒడ్డున గోదావరి ఇసుక కళ్ళెదుటే కనిపిస్తుంది. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఇసుక ఉచితమంది. కాని ట్రాక్టరు ఉచితం కాదు, ఎగుమతి కూలి ఉచితం కాదు. సిమెంటు మీద 2017 నుంచి 2025 సెప్టెంబరు దాకా నూటికి 28 రూపాయల జిఎస్‌టి వసూలు చేశారు. అది విలాస వస్తువులకు పెట్టిన పన్ను శ్లాబు. 2025 సెప్టెంబరు 22న దాన్ని 18కి తగ్గించారు. ఎనిమిదేళ్ళపాటు కోటీశ్వరుడి కారుకూ, కూలీ సిమెంటు బస్తాకూ ఒకే మెట్టు మీద పన్ను వేశారన్న సంగతి మరచిపోకూడదు.

అప్పటి తూర్పుగోదావరి జిల్లా కొమరగిరిలో 2020 డిసెంబరు 25న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన ఇళ్ళ పథకంలో ఇంటికి లక్షా 80 వేలు పెట్టారు. అది చాలక ఎన్నో ఇళ్ళు మధ్యలో ఆగిపోయాయి. 2025 మార్చిలో, ఆగిన ఇళ్ళకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ఇస్తామని ప్రకటించవలసి వచ్చింది. అంటే మొదటి లెక్క తప్పని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

గుడిసె అంటే 8 వేలు, ఇల్లంటే లక్షా 20 వేలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను తుడిచిపెట్టి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. 2022 జూలైలో లంకలు మునిగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇన్నిసార్లూ ముందు లేచిపోయేది పేదవాడి కప్పే. ఆ తరవాత నష్టం రాసుకునేవారు వస్తారు. వాళ్ళ కలం కింద మన ఇల్లు ఏమని పడుతుందో దాన్నిబట్టి సాయం.

విపత్తు సహాయ నిధికి 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన నిబంధనలు చూడండి. పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో లక్షా 20 వేల రూపాయలు. పక్కా ఇల్లయినా, కచ్చా ఇల్లయినా అంతే. నూటికి పదిహేను వంతులైనా దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. కాని గుడిసె అని రాస్తే? కూలినా, దెబ్బతిన్నా, కొట్టుకుపోయినా 8,000 మాత్రమే. 26 రోజుల కూలి. మనం పైన వేసిన తాటాకు కప్పుకే 13,200 అయింది. అంటే మొత్తం ఇల్లు పోయినవాడికి కప్పుకు సరిపడా కూడా రాదు.

కచ్చా ఇంటికీ గుడిసెకూ తేడా ఏమిటి? ఆకు, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న తాత్కాలిక నివాసం, కచ్చా ఇంటికన్నా తక్కువది, అధికారులు వాడుకగా గుడిసెగా గుర్తించినది అని నిబంధన చెబుతుంది. మట్టిగోడ, అరుగు, తలుపు, ఇంటిపన్ను రశీదు వుండి ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తున్న ఇల్లు తాత్కాలికం ఎలా అవుతుంది? కాని పైన తాటాకు కనబడగానే గుడిసె అని రాసేస్తే, ఆ ఒక్క మాటతో లక్షా 12 వేల రూపాయలు పోతాయి. మరొక మెలిక వుంది. సాయం అందాలంటే అది అధికారులు గుర్తించిన కట్టడమై వుండాలి. కాలువగట్టు మీద, పుంత పక్కన, ఆసామి చేను మూల ఇల్లు వేసుకున్నవాడికి పట్టా లేదు. పట్టా లేనివాడికి కప్పూ లేదు అన్నట్టుంది వ్యవహారం.

అటుపక్క ఇళ్ళ పథకం చూస్తే ఇంకొక తిరకాసు. ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో కప్పుగాని గోడలుగాని పక్కావైతే, ఆ కుటుంబాన్ని జాబితా నుంచి తీసేశారు. 2011 సామాజిక ఆర్థిక సర్వేలో రేకుల కప్పును పక్కా కప్పుగానే లెక్కపెట్టారు. మట్టిగోడల మీద అప్పుచేసి నాలుగు రేకులు వేసుకున్న కూలీ అర్హత పోగొట్టుకున్నాడు. కప్పు వేసుకోనివాడు వానకు తడవాలి. వేసుకున్నవాడు జాబితాలో పోవాలి. ఇందిరా ఆవాస్ యోజనలో ఒకప్పుడు కచ్చా ఇంటిని బాగుచేసుకోవడానికి కొంత సాయం వుండేది. తరవాత వచ్చిన పథకంలో పాత ఇంటి కప్పు మార్చుకోవడానికంటూ పైసా పెట్టలేదు.

కాబట్టి కూలీలు గుర్తుంచుకోవలసిన మాట ఒకటే. మన ఇల్లు గుడిసె కాదు, పక్కా ఇల్లు కాదు. అది కచ్చా ఇల్లు. రెండు చోట్లా మన హక్కును నిలబెట్టేది ఆ మాటే.

గాలి రాకముందే చేయవలసినవి

గాలి కప్పును పైనుంచి నొక్కదు, పైకి లాగుతుంది. అందుకే చూరు ఒకటిన్నర అడుగు కంటే బయటకు రానివ్వకూడదు. చూరు అంచునా కొప్పు దగ్గరా హుక్కులు దగ్గర దగ్గరగా వేయాలి. వాసాన్ని నిట్రాటికీ, నిట్రాడిని భూమికీ గట్టిగా కట్టాలి. తాటాకు కప్పు మీద కొబ్బరితాడు వల అల్లి, కొసలు నేలలో పాతిన గుంజలకు బిగించాలి. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పును గాలి తక్కువ పట్టుకుంటుంది. కోస్తాలో మన పూర్వులు చుట్టిళ్ళు వేసుకున్నది ఊరికే కాదు.

తరవాత కాగితం పని. ఇంటి నాలుగు వైపులా, గోడలూ తలుపూ ఇంటి నంబరూ కనపడేలా సెల్‌ఫోనులో ఫోటోలు తీసి వుంచండి. ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లు, రేషన్‌కార్డు నకళ్ళు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టండి. నష్టం రాయడానికి వచ్చినప్పుడు మన ఇంటిని ఏమని రాశారో చదివించుకోకుండా వేలిముద్ర వేయవద్దు. గుడిసె అని రాస్తే అక్కడే అభ్యంతరం చెప్పి, తహశీల్దారుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. జాబితా చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఇల్లు కూలకపోయినా రెండు రోజులకు మించి నీట మునిగితే, అవే 2022-26 నిబంధనల్లో బట్టలకు 2,500, సామానుకు 2,500 వున్నాయి. లంకవాసులు ఆ నిబంధన పేరు చెప్పి అడగాలి. కార్యకర్తలు పేట పేటకూ తిరిగి ఇంటింటి పట్టిక ఇప్పుడే తయారు చేయాలి. తుపాను మర్నాడు మొదలుపెడితే అధికారి రాసిందే లెక్క అవుతుంది.

ఒక్కొక్కరు విడిగా వెళితే రేపు రమ్మంటారు. పేటంతా కలిసి వెళితే కుర్చీ లేచి మాట్లాడుతుంది. అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. ఏడాది పొడవునా కాపురమున్న ప్రతి నివాసాన్నీ ఇల్లుగా రాయాలి. గుడిసె పేరుతో సాయం కోసే పద్ధతి పోవాలి. గట్ల మీదా పుంతల్లోనూ వున్నవారికి మెరక నేలలో పట్టాలివ్వాలి. రేకులు వేసుకున్నవారిని ఇళ్ళ జాబితా నుంచి తీసివేయరాదు. పాత ఇంటి కప్పు మార్పుకు వడ్డీలేని సాయం పెట్టాలి. ఊరందరి ధాన్యానికీ గాదె కట్టించే చేతులు, తమ నెత్తిన నాలుగు కాలాలు నిలిచే కప్పు అడుగుతున్నాయి. అది దానం కాదు, రావలసిన బాకీ.